కాపలా సిపాయికి కునుకు ఎందుకొచ్చింది?

మచిలీపట్నం వెళ్ళినవాళ్ళు బందరు లడ్డూ తినకుండా తిరిగిరారు. ఈసారి మీరు వెళ్ళినప్పుడు లడ్డూ తిన్నాక, కాస్త ఓపిక చేసుకుని బందరుకోట దాకా కూడా వెళ్ళిరండి. ఇప్పుడక్కడ శిథిలాలే మిగిలాయి గాని, 1759లో అది ఫ్రెంచివారి గట్టి కోట. చుట్టూ బురద నేల, ఉప్పునీటి కయ్యలు. అడుగు వేస్తే మోకాలి దాకా దిగబడుతుంది. శత్రువు రావటం అంత తేలిక కాదని కోటలోని వాళ్ళ ధైర్యం.

ఆ సంవత్సరం మార్చి నెలలో కర్నల్ ఫోర్డు అనే ఇంగ్లీషు సేనాని వచ్చి కోటను ముట్టడించాడు. నెల రోజులు గడిచాయి. మందుగుండు దాదాపు అయిపోవచ్చింది. అప్పుడతను ఏప్రిల్ 7వ తేదీ రాత్రిని ఎంచుకున్నాడు. అర్ధరాత్రి సమయం, సముద్రపు పోటు తగ్గి నీళ్ళు వెనక్కి తీసే వేళ. ఒక దళం ఒక దిక్కున ఉత్తుత్తి దాడి చేసింది. విజయనగరం రాజు ఆనందరాజుగారి సైన్యం మరోవైపు హడావిడి చేసింది. అసలు దాడి మూడో వైపు నుంచి జరిగింది. తెల్లవారేసరికి కోట ఇంగ్లీషువారి వశమైంది. లొంగిపోయినవాళ్ళు దాడి చేసినవాళ్ళకన్నా ఎక్కువమంది!

కోటలోని సిపాయిలు నిద్రపోయారని చరిత్ర చెప్పటం లేదు. వాళ్ళు మేలుకునే ఉన్నారు. కాని ఏది ఉత్తుత్తి దాడో, ఏది అసలు దాడో క్షణాల మీద తేల్చుకోలేకపోయారు. యుద్ధంలో రాత్రివేళ కళ్ళు తెరిచి ఉంటే చాలదు, వాటి వెనక ఉన్న మెదడు కూడా చురుగ్గా ఉండాలి. మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. అర్జునుడికి ఉన్న పేర్లలో ఒకటి ‘గుడాకేశుడు’. అంటే నిద్రను జయించినవాడని అర్థం చెబుతారు. మన ఆడవాళ్ళు పాడుకునే ఊర్మిళాదేవి నిద్ర పాటలో పద్నాలుగేళ్ళు లక్ష్మణుడు కంటికి రెప్ప వేయకుండా అన్నావదినెలకు కాపలా కాస్తే, ఇక్కడ ఊర్మిళ ఆ పద్నాలుగేళ్ళూ నిద్రపోతుంది. చూశారా, కథలో కూడా నిద్ర బాకీ ఎవరో ఒకరు తీర్చక తప్పలేదు!

మన కాలపు సైనికుడికి మాత్రం తన బాకీ తీర్చిపెట్టే ఊర్మిళ లేదు. తన నిద్ర తానే పోవాలి. కాపలా చోట నిద్రపోతే మాత్రం అది నేరం. మన దేశపు 1950 సైనిక చట్టం ఆ మాటే చెబుతుంది. నిజమే కదా, ఒక్కడు కునికితే వెనక పడుకున్న వందమంది ప్రాణాలకు ముప్పు.

అయితే ఇక్కడొక చిక్కు ప్రశ్న ఉంది. రాత్రి ఎనిమిది గంటలు సుఖంగా పడుకుని లేచిన సిపాయి కూడా మర్నాడు కాపలా చోట కునికాడనుకోండి. అతను బద్ధకస్తుడా? క్రమశిక్షణ లేనివాడా? లేక అతనికి తెలియకుండా ఎవరైనా అతని నిద్రను రాత్రంతా దొంగిలిస్తున్నారా?

దొంగ ఎవరో పట్టుకుందాం రండి.

ఒక జవాను కథ అనుకుందాం

దివిసీమలోని ఒక పల్లె నుంచి సైన్యంలో చేరిన ఒక జవానును ఊహించుకోండి. చేరేటప్పుడు సన్నగా, కర్రలా ఉండేవాడు. పదిహేనేళ్ళ సర్వీసు అయింది. హవల్దారు అయ్యాడు. ఇప్పుడు కాస్త ఒళ్ళు చేశాడు, మెడ లావెక్కింది. బారక్‌లో అతని మంచం పక్కన పడుకోవటానికి ఎవరూ ఇష్టపడరు. కారణం గురక! “అన్నా, నువ్వు పడుకుంటే గుడివాడ ప్యాసింజరు వచ్చినట్టుంటుందే” అని తోటి తెలుగు జవాన్లు నవ్వుతారు. అతనూ నవ్వేస్తాడు.

కాని ఒక సంగతి ఎవరూ గమనించలేదు. ఆ రైలు మధ్యమధ్యలో ఆగుతోంది. గురక ఉన్నట్టుండి నిలిచిపోతుంది. పది సెకండ్లు, ఇరవై సెకండ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. తర్వాత గుటుక్కుమని ఒక పెద్ద ఊపిరి, ఒక కుదుపు, మళ్ళీ గురక. పక్కవాళ్ళు “హమ్మయ్య, కాసేపు ఆగింది” అనుకుంటారే గాని, ఆగింది గురక కాదు, ఊపిరి!

పొద్దున లేస్తే అతనికి తలనొప్పి. నోరు పిడచకట్టి ఉంటుంది. పగలు లారీ నడుపుతుంటే కళ్ళు మూతలు పడతాయి. చీటికీమాటికీ కోపం వస్తుంది. చెప్పిన మాట గుర్తుండదు. పై అధికారి మందలిస్తాడు. ఒకనాడు కాపలాలో కునుకు పట్టేస్తుంది. అతని ఉద్యోగానికే ఎసరు వస్తుంది.

ఈ జబ్బు పేరు స్లీప్ ఆప్నియా. ఆప్నియా అనేది గ్రీకు మాట, ఊపిరి లేకపోవటమని అర్థం. మనం దీన్ని ‘నిద్రలో ఊపిరాగటం’ అనుకుంటే సరిపోతుంది.

గొంతులో ఏం జరుగుతోంది?

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. కాగితంతో చేసిన స్ట్రా ఒకటి తీసుకుని నీళ్ళలో బాగా నానబెట్టండి. అది మెత్తబడ్డాక దానితో మజ్జిగ పీల్చండి. మెల్లిగా పీలిస్తే వస్తుంది. గట్టిగా పీల్చారో, స్ట్రా గోడలు రెండూ అతుక్కుపోతాయి. ఎంత గట్టిగా పీలిస్తే అంత గట్టిగా మూసుకుపోతుంది. చుక్క కూడా రాదు!

మన గొంతు కూడా ఇలాంటిదే. ముక్కుకు ఎముక ఆధారం ఉంది. గాలిగొట్టానికి మృదులాస్థి వలయాలున్నాయి. కాని ఈ రెండింటికీ మధ్య, అంగిలి వెనక నుంచి నాలుక మొదలు దాకా ఉన్న భాగం అంతా మెత్తటి కండ. అక్కడ దారిని తెరిచి ఉంచే పని కండరాలదే. మెలకువగా ఉన్నప్పుడు అవి బిగువుగా నిలబడి తమ పని తాము చేస్తాయి. నిద్రపోగానే ఒంట్లో మిగతా కండరాలతో పాటు అవీ సడలుతాయి. నాలుక వెనక్కి జారుతుంది. దారి ఇరుకవుతుంది. ఇరుకు సందులోంచి గాలి పోతుంటే మెత్తటి అంగిలి, కొండనాలుక పడపడ కొట్టుకుంటాయి. అదే గురక.

గురక పెట్టే ప్రతివారికీ ఈ జబ్బు ఉన్నట్టు కాదు. చాలామందిలో కథ అక్కడితో ఆగిపోతుంది. కాని కొందరిలో దారి మరీ ఇరుకు. మెడ చుట్టూ కొవ్వు చేరటం, కింది దవడ చిన్నదై వెనక్కి ఉండటం, టాన్సిల్స్ పెద్దవిగా ఉండటం ఇందుకు కారణాలు. అందుకే ఇది లావుపాటి వాళ్ళకే వస్తుందనుకోవటం పొరపాటు. దవడ నిర్మాణాన్ని బట్టి సన్నటివాళ్ళకూ రావచ్చు. ఇలాంటివాళ్ళు నిద్రలో ఊపిరి పీల్చబోతే నానిన స్ట్రాకు పట్టిన గతే పడుతుంది. గోడలు అతుక్కుపోతాయి. ఛాతీ, పొట్ట పీలుస్తూనే ఉంటాయి, గాలి మాత్రం లోపలికి పోదు.

లోపలి కాపలాదారు

ఇప్పుడు అసలు విచిత్రం వినండి. గాలి పోకపోతే మనిషి చచ్చిపోవాలి కదా? ఎందుకు చావటం లేదు? ఎందుకంటే మన మెదడు అడుగుభాగంలో ఒక కాపలాదారు ఉన్నాడు. అతనికి సెలవు లేదు, నిద్ర లేదు. రక్తంలో ప్రాణవాయువు, అంటే ఆక్సిజన్, ఎంత ఉందో, బొగ్గుపులుసు వాయువు ఎంత పేరుకుందో క్షణక్షణం లెక్క చూస్తుంటాడు. మామూలుగా మన రక్తంలోని హిమోగ్లోబిన్ నూటికి 95 పాళ్ళకు పైగా ప్రాణవాయువుతో నిండి ఉంటుంది. ఊపిరాగితే అది తగ్గుతుంది. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళలో 80కి కూడా దిగిపోతుంది. అప్పుడు కాపలాదారు ప్రమాదఘంట మోగిస్తాడు. అడ్రినలిన్ ఒక్కసారిగా రక్తంలోకి దూకుతుంది. గుండె దడదడలాడుతుంది. రక్తపు పోటు పెరుగుతుంది. మెదడు రెండు మూడు సెకండ్లు మేలుకుంటుంది. గొంతు కండరాలు బిగుసుకుని దారి తెరుచుకుంటుంది. గుటుక్కుమని ఊపిరి! వెంటనే మళ్ళీ నిద్ర.

ఈ మెలకువ ఎంత చిన్నదంటే, తెల్లారాక మనిషికి గుర్తే ఉండదు. “ఎనిమిది గంటలు ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను” అని చెబుతాడు. అబద్ధం కాదు, అతనికి తెలిసింది అంతే.

కాస్త లెక్క వేద్దాం. ఊపిరి కనీసం 10 సెకండ్లు ఆగితే దాన్ని ఒకసారి ఆగినట్టు డాక్టర్లు లెక్కిస్తారు. పూర్తిగా ఆగకపోయినా బాగా తగ్గిపోయిన సందర్భాలను కూడా కలుపుతారు. పెద్దవాళ్ళలో ఇలా గంటకు 5 కంటె తక్కువైతే ఫరవాలేదు. 5 నుంచి 15 దాకా స్వల్పం, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. గంటకు 30 చొప్పున ఏడు గంటలు పడుకుంటే ఎన్నిసార్లు? 210! రేపు మీకు లెక్కల పరీక్ష ఉందనుకోండి. రాత్రంతా ఎవరో మీ మంచం పక్కన కూచుని రెండు నిమిషాలకోసారి భుజం పట్టి కుదుపుతుంటే, పొద్దున మీరు ఎన్ని లెక్కలు చేయగలరు?

అదీ సంగతి. లోపలి కాపలాదారు రాత్రంతా మేలుకుని ప్రాణం కాపాడాడు. దాని ఫలితంగా బయటి కాపలాదారు, అంటే మన హవల్దారు, పగలు కునికాడు. దొంగ దొరికాడు కదా! దొంగ ఉన్నది అతని గొంతులోనే.

రోజులు గడిచేకొద్దీ నష్టం కునుకుతో ఆగదు. రోజూ రాత్రి వందల సార్లు ఎగసిపడే రక్తపు పోటు కొంతకాలానికి పగలు కూడా దిగదు. గుండెజబ్బు, పక్షవాతం వచ్చే అవకాశం పెరుగుతుంది. ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ వంటి తెలుగు సినిమాలకు సంగీతం కూర్చిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో చనిపోయినప్పుడు, ఆయనకు ఈ జబ్బు ఉన్నదని డాక్టర్లు చెప్పారు. ఆ పేరు చాలామంది అప్పుడే మొదటిసారి విన్నారు.

నవలలోని కుర్రవాడు, పేకాటలోని పెద్దమనిషి

ఈ జబ్బు కొత్తది కాదు, మనిషికి గొంతు ఉన్నప్పటి నుంచీ ఉండి ఉంటుంది. తెలుసుకోవటమే ఆలస్యమైంది. 1836, 37 సంవత్సరాల్లో ఇంగ్లీషు నవలాకారుడు చార్లెస్ డికెన్స్ ‘పిక్‌విక్ పేపర్స్’ అనే నవలను భాగాలుగా అచ్చువేశాడు. అందులో జో అనే లావుపాటి కుర్రవాడున్నాడు. నిలబడ్డచోటే గురకపెట్టి నిద్రపోతాడు. చదివినవాళ్ళంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. జబ్బేమో అని ఎవరికీ తట్టలేదు.

1956లో అమెరికాలో కొందరు డాక్టర్లు తమ దగ్గరికి వచ్చిన ఒక రోగిని గురించి రాశారు. అతను వ్యాపారి. పేకాటలో దాదాపు ఓటమి లేని ముక్కలు చేతికొచ్చిన సమయంలో నిద్రపోయి ఆట పోగొట్టుకున్నాడు! ఒళ్ళు బరువు, పగటి నిద్ర, మందగించిన ఊపిరి కలిసి ఉన్న అతని జబ్బుకు డికెన్స్ నవల పేరే పెట్టారు. 1965లో ఫ్రాన్సులోనూ జర్మనీలోనూ వేరువేరుగా పరిశోధకులు నిద్రపోతున్న రోగులకు తీగలు తగిలించి రాత్రంతా కొలిచి చూస్తే, ఊపిరి మాటిమాటికీ ఆగుతున్నట్టు తేలింది. 1976లో అమెరికాలో పనిచేసిన ఫ్రెంచి డాక్టరు గీమినో దానికి ఇప్పటి పేరు పెట్టాడు.

పేరు దొరికింది గాని మందు దొరకలేదు. తీవ్రంగా ఉన్నవాళ్ళకు గొంతు దగ్గర మెడకు కన్నం చేసి, దానిలోంచి ఊపిరి పీల్చే ఏర్పాటు చేసేవారు. అది ప్రాణం నిలిపేది గాని, మెడకు కన్నంతో ఏ సిపాయి తుపాకి పడతాడు?

1980లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కోలిన్ సలివన్ అనే డాక్టరుకు ఒక ఆలోచన వచ్చింది. గోడలు లోపలికి కూలుతున్నాయి కాబట్టి, లోపలి నుంచి గాలితో వాటిని నిలబెడితే? సైకిలు ట్యూబులో గాలి ఉన్నంతసేపు ట్యూబు చప్పబడదు కదా! దుమ్ము పీల్చే యంత్రపు మోటారును పట్టుకుని, పీల్చే బదులు ఊదేలా అమర్చి, గొట్టం ద్వారా ముక్కులోకి మెల్లగా గాలి పంపాడు. మెడకు కన్నం వద్దన్న ఒక రోగి దీనికి ఒప్పుకున్నాడు. గాలి పంపగానే ఊపిరి సాఫీగా సాగింది. ఆ రాత్రి అతను గాఢంగా నిద్రపోయాడు. 1981లో ఐదుగురు రోగుల వివరాలతో ఆయన వైద్య పత్రికలో వ్యాసం రాశాడు. ఈనాడు ప్రపంచమంతా వాడుతున్న ‘సీపాప్’ యంత్రం పుట్టుక అదే.

ఆ గాలి ఒత్తిడి ఎంతో తెలుసా? మీరే ఊది చూడవచ్చు. ఒక గ్లాసులో నీళ్ళు పోసి, స్ట్రాను 10 సెంటీమీటర్ల లోతుకు ముంచి బుడగలు వచ్చేలా ఊదండి. ఆ బుడగ బయటికి రావటానికి మీరు పెట్టిన ఒత్తిడే చాలామందికి గొంతును తెరిచి ఉంచటానికి సరిపోతుంది. మెడకు కన్నం చేసే బదులు ఒక గ్లాసెడు బుడగలు!

సైనికుడి ఉద్యోగం ఏమవుతుంది?

ఇప్పుడు మన హవల్దారు దగ్గరికి మళ్ళీ వద్దాం. మన సైన్యంలో ప్రతివారికీ వైద్యపరీక్షలు జరుగుతుంటాయి. ఆ పరీక్షలో మనిషిని ఐదు వైపుల నుంచి చూస్తారు: మనసు, చెవులు, కాళ్ళూచేతులు, శరీరపు సత్తువ, కళ్ళు. వీటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు కలిపితే ‘షేప్’ అవుతుంది. ఒక్కొక్కదానికి 1 నుంచి 5 దాకా అంకె వేస్తారు. అన్నిటా 1 వచ్చినవాడు ‘షేప్ వన్’. అతన్ని ఎడారికైనా మంచుకొండకైనా పంపవచ్చు. అంకె పెరిగేకొద్దీ కొన్ని పనులు, కొన్ని చోట్లు అతనికి తగవని అర్థం. 5 అంటే సైనిక సేవకే తగడని.

సైనికులకు ఈ అంకె అంటే భయం. పదోన్నతి, పోస్టింగు, శిక్షణ అన్నిటికీ దానితో ముడి ఉంటుంది. అందుకే లోకంలో అన్ని సైన్యాల్లోనూ ఒకే రకం తప్పు జరుగుతుంటుంది. గురక సంగతి, పగటి నిద్ర సంగతి డాక్టరుకు చెప్పకుండా దాచేస్తారు. “చెబితే ఉద్యోగం పోతుందేమో” అని భయం. దాచితే ఏమవుతుంది? జబ్బు ముదురుతుంది. ఒకనాడు కాపలాలో కునుకో, లారీతో ప్రమాదమో జరుగుతుంది. అప్పుడు పోయేది ఉద్యోగమొక్కటేనా?

అదే ముందుగా చెప్పాడనుకోండి. ఒక రాత్రి పరీక్ష చేస్తారు. తలకు, ఛాతీకి, వేలికి తీగలు తగిలించి నిద్రలో మెదడు తరంగాలు, ఊపిరి, ప్రాణవాయువు నమోదు చేస్తారు. నేరస్తుడనుకున్నవాడు రోగి అని కాగితం మీద తేలుతుంది. ఇది చిన్న మార్పు కాదు. చికిత్స మొదలుపెడతారు. కొంతకాలం తక్కువ శ్రేణిలో ఉంచి మళ్ళీ పరీక్షిస్తారు. మెరుగైతే శ్రేణి కూడా మెరుగవుతుంది.

అయితే ఒక నిజం దాచకూడదు. యంత్రం వాడేవాడిని అన్నిచోట్లకూ పంపటం కుదరదు. సీపాప్‌కు కరెంటు కావాలి. శుభ్రంగా ఉంచుకోవాలి. రోజూ రాత్రి వాడాలి, వాడకపోతే మొదటికే వస్తుంది. సరిహద్దు చౌకీలో, గుడారంలో, అడవిలో ఇవన్నీ ఎలా కుదురుతాయి? అందుకే అమెరికా సైన్యంలో కొత్తగా చేరదలచినవాళ్ళకు ముందే ఈ జబ్బు ఉన్నట్టు తేలితే సాధారణంగా చేర్చుకోరు. సర్వీసులో ఉండగా వచ్చినవాళ్ళకు మాత్రం చికిత్స చేసి, పని చేయగలిగితే కొనసాగిస్తారు. 2005 నుంచి 2019 దాకా ఆ దేశపు సైనికుల్లో ఈ జబ్బు బయటపడటం ఎన్నో రెట్లు పెరిగింది. జబ్బు పెరగటమే కాదు, పరీక్షలు చేయించుకోవటం పెరగటం కూడా దానికి ఒక కారణం.

విమానం నడిపేవాళ్ళ విషయంలో నియమాలు ఇంకా కఠినం. ఎందుకో చూడండి. 2008 ఫిబ్రవరి 13న హవాయి దీవుల్లో ఒక చిన్న ప్రయాణికుల విమానం దిగవలసిన ఊరు దాటి సముద్రం మీదికి పోయింది. నేలమీద నుంచి ఎంత పిలిచినా జవాబు లేదు. పైలట్లిద్దరూ నిద్రపోయారు! అదృష్టం బాగుండి మేలుకుని వెనక్కి తిప్పి క్షేమంగా దించారు. తర్వాత పరీక్షిస్తే కెప్టెనుకు తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉన్నట్టు తేలింది. అప్పటిదాకా ఆ సంగతి తెలియదు.

ఈ సందర్భంలో మచిలీపట్నం సంగతి ఇంకొకటి చెప్పాలి. 1926లో ఈ ఊళ్ళో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పుట్టింది. దాన్ని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తీసుకుంది. మన సైనికులు చీకట్లో చూడటానికి వాడే పరికరాలు అక్కడ తయారవుతాయి. నక్షత్రాల మసక వెలుతురును వేలరెట్లు పెంచి చూపించగల పరికరాలవి. వెలుతురు కణం ఒక పలక మీద పడి ఎలక్ట్రాన్‌ను ఊడగొడుతుంది. ఆ ఒక్క ఎలక్ట్రాన్ సన్నటి గొట్టాల్లో గోడలకు కొట్టుకుంటూ పోయి వేల ఎలక్ట్రాన్లను లేపుతుంది. అవన్నీ మెరిసే తెరను తాకి బొమ్మ చూపిస్తాయి. అద్భుతమైన పరికరం! కాని దాని వెనక పెట్టిన కన్ను మూతపడితే? చీకటిని పోగొట్టే యంత్రం బందరులో చేయగలుగుతున్నాం గాని, నిద్రమత్తును పోగొట్టే యంత్రం ఏ ఊళ్ళోనూ లేదు. దానికి నిద్రే మందు.

కొండల మీద మరో రకం

ఇంతసేపూ చెప్పింది గొంతు మూసుకుపోయే రకం. రెండో రకం ఇంకొకటి ఉంది. అందులో గొంతు తెరిచే ఉంటుంది. మెదడే “ఊపిరి పీల్చు” అని చెప్పటం కాసేపు మానేస్తుంది! సైనికులకు ఇది బాగా ఎదురయ్యే చోటు ఎత్తైన కొండలు.

మచిలీపట్నం సముద్రమట్టానికి నాలుగైదు మీటర్ల ఎత్తయినా ఉంటుందో లేదో. అక్కడి కుర్రవాడు సైన్యంలో చేరి లడఖ్ వెళ్ళాడనుకోండి. లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తు. అక్కడి గాలిలో కూడా ప్రాణవాయువు నూటికి 21 పాళ్ళే. కాని గాలే పలచన. కాబట్టి ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు మన ఊళ్ళో అందేదానిలో మూడింట రెండు వంతులే. లోపలి కాపలాదారు కంగారుపడి ఊపిరి జోరు పెంచుతాడు. జోరుగా పీల్చి వదిలేసరికి బొగ్గుపులుసు వాయువు మామూలుకన్నా ఎక్కువగా బయటికి పోతుంది. నిద్రలో ఊపిరికి ఆజ్ఞ ఇచ్చేది ముఖ్యంగా ఆ వాయువే. అది తగ్గేసరికి కాపలాదారు “ఇక చాలు” అని ఊపిరి ఆపేస్తాడు. కొన్ని సెకండ్లకు వాయువు మళ్ళీ పేరుకుంటుంది. మళ్ళీ జోరు. మళ్ళీ ఆగటం. రాత్రంతా ఇదే ఊగిసలాట.

ఆరోగ్యవంతులకు కూడా ఇది వస్తుంది. ఒళ్ళు అక్కడి గాలికి అలవాటుపడే కొద్దీ చాలావరకు సర్దుకుంటుంది. అందుకే మన సైన్యం జవాన్లను కొండల మీదికి ఒక్కసారిగా ఎక్కించదు. మొదట 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు, తర్వాత 15,000 అడుగుల దాకా నాలుగు రోజులు, ఆపైన మరో నాలుగు రోజులు ఆపి అలవాటు చేస్తుంది. ఎత్తుకు మెట్లున్నట్టే అలవాటుకూ మెట్లున్నాయి.

మీరు చేయగలిగింది

“మేం సిపాయిలం కాదుగా, మాకెందుకు?” అంటారా? మీలో కొందరు కోరుకొండ సైనిక్ స్కూలులో చదువుతూ ఉండవచ్చు, కొందరు ఎన్.సి.సి.లో ఉండవచ్చు, రేపు సైన్యంలో చేరాలని కలలు కంటూ ఉండవచ్చు. చేరినా చేరకపోయినా ఇది మీ ఇంట్లో సంగతే.

ఈ జబ్బు ఉన్నవాడికి తన జబ్బు కనిపించదు, పక్కవాడికే కనిపిస్తుంది. కాబట్టి డాక్టరుగారికన్నా ముందు దీన్ని కనిపెట్టగలిగేది మీరే. మీ నాన్నగారో, మామయ్యో, తాతయ్యో గట్టిగా గురకపెడుతున్నారా? మధ్యలో ఊపిరి ఆగి, గుటుక్కుమని లేస్తున్నారా? పగలు పేపరు చదువుతూ, బస్సులో కూచుని, మాట్లాడుతూ మాట్లాడుతూ కునుకుతున్నారా? రక్తపు పోటు ఉందా? మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా? అమ్మ దర్జీ టేపు తీసుకుని కొలవండి. అమ్మను, అమ్మమ్మను కూడా మరచిపోకండి, ఈ జబ్బు ఆడవాళ్ళకూ వస్తుంది. ఇందులో రెండు మూడు ఉంటే నవ్వులాటగా తీసుకోకుండా డాక్టరుకు చూపించమని చెప్పండి. ముఖ్యంగా లారీ, బస్సు, ట్రాక్టరు నడిపేవాళ్ళయితే ఆలస్యం చేయనివ్వకండి.

బరువు తగ్గితే చాలామందికి జబ్బు కూడా తగ్గుతుంది. సారాయి, నిద్రమాత్రలు గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి కాబట్టి వాటికి దూరంగా ఉండాలి. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది, పక్కకు తిరిగి పడుకుంటే కొందరికి మేలు. కింది దవడను కాస్త ముందుకు పట్టి ఉంచే పరికరాలను దంతవైద్యులు చేసి ఇస్తారు. తీవ్రంగా ఉంటే సీపాప్ ఉండనే ఉంది.

ఇంకొక మాట మీ చెల్లెళ్ళ గురించి, తమ్ముళ్ళ గురించి. చిన్నపిల్లల్లో కూడా ఈ జబ్బు ఉంటుంది. సాధారణంగా టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ పెరగటమే అందుకు కారణం. విచిత్రమేమంటే, నిద్ర చాలని పిల్లలు పెద్దవాళ్ళలా కునకరు. దానికి బదులు కుదురు లేకుండా గెంతుతారు, పాఠం మీద మనసు నిలపలేరు, పక్క తడుపుతారు. నోరు తెరుచుకుని గురకపెట్టి నిద్రపోయే పిల్లవాడిని “అల్లరి గాడిద, చదువురాని మొద్దు” అని తిట్టే ముందు ఒకసారి అతని గొంతు చూపించాలి. చాలామందికి చిన్న ఆపరేషనుతో నయమవుతుంది. మళ్ళీ అదే కథ చూశారా? తిట్లు తిన్నవాడు నేరస్తుడు కాదు, నిద్ర పోగొట్టుకున్నవాడు.

మీ సంగతి కూడా చూసుకోండి. మీ వయసువాళ్ళకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పరీక్షల ముందు రాత్రంతా మేలుకుని చదివేవాళ్ళు తమ గొంతు ఏ తప్పూ చేయకపోయినా తమ నిద్రను తామే దొంగిలించుకుంటున్నారు. పదిహేడు, పద్దెనిమిది గంటలు ఏకబిగిన మేలుకున్నవాడి మెదడు కాస్త మద్యం తాగినవాడి మెదడులాగే తడబడుతుందని పరిశోధకులు కొలిచి చూపించారు. అలాంటి మెదడుతో మీరు పరీక్ష రాయాలనుకుంటున్నారా?

ఈ రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక రెండు నిమిషాలు చెవి పెట్టి వినండి. గురక వినిపిస్తే నవ్వుకోండి, ఫరవాలేదు. అది మధ్యలో ఆగిపోతే మాత్రం గడియారం చూసి సెకండ్లు లెక్కపెట్టండి. పది దాటితే పొద్దున్నే పెద్దవాళ్ళతో ఆ మాట చెప్పండి. ఆ తర్వాత మీరూ హాయిగా నిద్రపోండి.